నాకొక్కదానికే తెరుచుకోని ఫోల్డరు

చెల్లీ,

ఫోన్ చేస్తే "సిగ్నల్ లేదక్కా" అని పెట్టేస్తున్నావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

మన సైన్‌బోర్డుల షాపు డిజైన్లన్నీ దాచే ఆన్‌లైన్ ఫోల్డరు సోమవారం నుంచి నా కంప్యూటర్లో తెరుచుకోవడం లేదు. "నెట్ ప్రాబ్లమేమో, రౌటర్ ఆపి మళ్ళీ వెయ్యి" అన్నావు. వేశాను. పాస్‌వర్డ్ కూడా మార్చాను. చివరికి నెట్ మెకానిక్‌ని పిలిపిస్తే, "లైను భేషుగ్గా ఉందండీ, మీకే లోపలికి అనుమతి లేదంటోంది" అని నా వైపు అదోలా చూశాడు. తల కొట్టేసినట్టయింది.

అనుమానం వచ్చి మన ప్రింటింగ్ ఆపరేటర్ కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఇలా నొక్కానో లేదో అలా తెరుచుకుంది. నెట్‌కి నా ఒక్కదాని మీదే కోపమా? లేక నాతోపాటు అతన్నీ ఫోల్డరులోంచి తీసెయ్యడం నువ్వు మర్చిపోయావా?

లోపల కొత్త బోర్డు డిజైనుంది. మన షాపు రంగులే, మన కుంచె గుర్తే. యజమానిగా మాత్రం నీ పేరొక్కటే, కింద పక్క వీధి చిరునామా. వేరే షాపు పెట్టుకుంటున్నానని నాతో చెప్పడానికి నోరు రాలేదా? ఇది మరిదిగారి సలహానా, నీ తెలివేనా?

సరే. ఏ బోర్డయినా ప్రింటుకు వెళ్ళేముందు నేను చూడాలన్నది మన పద్ధతి కదా, చూశాను. నీ పేరులో అక్షరాలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. రోడ్డు అవతలి నుంచి ఎవరూ చదవలేరు. అక్షరాల మధ్య ఎడం సరిచేసి అక్కడే పెట్టాను.

ఇక ప్రింటుకు పంపుకో.

అక్క