కబురు రాకపోతే సముద్రం బాగున్నట్టా

మంగళవారం, గరాచర్మ.

నా కొడుకు సింహాచలం పడవ ఇంకా తిరిగి రాలేదు. నిద్ర పట్టక రాస్తున్నాను.

మా వాళ్లు తుఫాను హెచ్చరికలు పడవల వాట్సాప్ గ్రూపులోనే చూసుకుంటారు. ఈ ఉదయం గ్రూపులో ఏమీ రాలేదు. సముద్రం బాగుందనుకుని వాడు వెళ్లిపోయాడు. నిన్న రాత్రి నుంచే నెట్ లేదని ఆ తర్వాత తెలిసింది.

"ఐఎస్‌పీ బంద్ ఉంది నానమ్మా," అంది మనవరాలు దివ్య.

"అదెవరు?"

"మనకి నెట్ ఇచ్చే కంపెనీ. ఇంటర్నెట్ సర్వీస్ ప్రొవైడర్. నాన్న ఫోన్‌కీ వాళ్లదే."

"హెచ్చరిక రేడియోలో చెప్పారట గదా?"

"రేడియో ఇప్పుడెవరు వింటారు?" అని, తనే తల దించుకుంది.

ఇక జరగవలసినవి:

1. తెల్లవారగానే కోస్ట్ గార్డును మళ్లీ అడగాలి.
2. అటక మీది రేడియో దించి బ్యాటరీలు వేయాలి.
3. సింహాచలం రావాలి. తిట్టడం ఆ తర్వాత.