ఉప్పుమడులకు వాన కబురు

విజయనగరం,
జూలై

ప్రియమైన నాన్నకి,

ఫోన్ చేస్తే నువ్వు మాట్లాడకుండా అమ్మకి ఇచ్చేస్తున్నావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. దీన్ని కూడా అమ్మ చేతిలో పెడితే, ఆవిడ పైకి చదివి నీకు వినిపిస్తుంది. తప్పించుకోలేవు.

అవును, కాలేజీ మానేశాను. శ్రీకాకుళంలో రెండేళ్ళు ఇంజినీరింగ్ చదివాక ఇంకో రెండేళ్ళు అక్కడే కూర్చోవడం నావల్ల కాలేదు. వాళ్ళు నోట్సు చెప్తారు, మేం రాసుకుంటాం, పరీక్షలో అదే దింపుతాం. ప్రోగ్రాములు రాయడం నేను నేర్చుకున్నది హాస్టల్ గదిలో, నా అంతట నేను.

ఇక్కడ అనంతకృష్ణ గారని ఒకాయన చిన్న కంపెనీ పెట్టారు. వాన ఎటు నుంచి వస్తోందో చూసి, తీరం వెంబడి ఉప్పు పండించేవాళ్ళ ఫోన్లకి ముందుగా మెసేజ్ పంపాలని ఆయన ఆలోచన. నన్ను సర్టిఫికెట్ అడగలేదు. కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, "ఇది చేసి చూపించమ్మా" అన్నారు. చేశాను. మబ్బు పడితే మన మడుల దగ్గర ఎలా పరుగులు పెడతారో పుట్టినప్పటి నుంచీ చూసినదాన్ని. ఈ పని నాది కాకపోతే ఇంకెవరిది నాన్నా?

కోపం తగ్గాక రాయి. తగ్గకపోయినా రాయి.

నీ హర్షిత

*

నౌపడ,
జూలై

అమ్మడికి నాన్న ఆశీస్సులు.

కోపం తగ్గలేదు. తగ్గకపోయినా రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను.

నిన్న స్టేషన్ దగ్గర టీ కొట్టు అసిరయ్య, "ఇంజినీరమ్మ ఎలాగున్నాది బావా?" అని అడిగాడు. "బాగున్నాది" అనేసి, టీ తాగకుండానే బండి తిప్పేశాను.

నాకు కంప్యూటర్ల సంగతి తెలియదు, వ్యాపారం తెలుసు. చిన్న కంపెనీ ఈరోజు ఉంటుంది, రేపు తలుపులు మూస్తారు. అప్పుడు పెద్ద కంపెనీ గేటు దగ్గర నిలబడితే డిగ్రీ ఏదని అడుగుతారు. నీకు పని వచ్చని నీకు తెలుసు. వాళ్ళకెలా తెలుస్తుంది? ఇంకోటి. నీ అంతట నువ్వు నేర్చుకుంటే నీకు నచ్చినవే నేర్చుకుంటావు. నచ్చనివి ఎవరు నేర్పుతారు?

మీ అమ్మ పలాస నుంచి జీడిపప్పు తెప్పించి డబ్బాలో పోసి పెట్టింది. పంపనా, వద్దా అని నన్ను అడుగుతోంది. పంపమన్నాను.

ఆ మెసేజ్‌లు మొదలయ్యాక నా నంబరు కూడా చేర్చు. ఏటి చేస్తున్నావో చూడాలి కదా.

మీ నాన్న
గోవిందరావు

*

విజయనగరం,
మార్చి

ప్రియమైన నాన్నా,

మొన్నటి వానకి ముందే మెసేజ్ అందిందనీ, ఉప్పు కుప్పలన్నీ పరదాలతో కప్పేశారనీ అమ్మ చెప్పింది. నువ్వు మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. పోనీలే, అమ్మ గొంతులో నీ సంతోషం కూడా వినిపించింది.

మెసేజ్‌ల కోసం చేరేవాళ్ళు రోజురోజుకీ పెరుగుతున్నారు, అందులోనూ మన నౌపడ వైపు నుంచి. ఎవరు చెప్తున్నారో, ఎందుకు చేరుతున్నారో తెలియదు గానీ అనంతకృష్ణ గారు ఆఫీసులో అందరికీ జిలేబీలు పంచారు.

రాగసుధ అని ఒకావిడ కొత్తగా చేరింది. ఎంటెక్ చదివింది. వచ్చిన దగ్గర నుంచీ ఒకటే ప్రశ్న: "నంబర్లు పదింతలైతే ఇది తట్టుకుంటుందా? పరీక్షించి చూశావా?" చక్కగా నడుస్తున్నదాన్ని విప్పి మళ్ళీ కట్టమంటుంది. అవసరమైనప్పుడు చూద్దాం అన్నాను. "అవసరం వచ్చాక చూసేది కాదు ఇది" అంది. అచ్చం నీలాగే. ఒళ్ళు మండింది.

ఆవిడ మాట తీసి పారేశాను గానీ మనసు ఒకచోట నిలవడం లేదు. అన్నం తింటూ లేచి వెళ్ళి మేడ మీద నుంచి ఆకాశం చూసి వస్తున్నాను.

నీ హర్షిత

*

నౌపడ,
ఏప్రిల్

అమ్మడూ,

మెసేజ్ అందలేదేమో అని అమ్మకి ఫోన్ చేసి ఏడ్చావట. అందింది. కాస్త ఆలస్యంగా అందింది, అంతే. పెద్ద నష్టమేమీ లేదు. వాన కూడా గట్టిగా పడలేదు.

ఇప్పుడు ఊరు రావద్దు. ఎండలు మండిపోతున్నాయి. పైగా నేను పని మీద రోజూ టెక్కలి తిరుగుతున్నాను, ఇంట్లో ఉండను. వేళకి తిను.

నాన్న

*

విజయనగరం,
ఏప్రిల్

నాన్నా,

నువ్వు రావద్దన్నావు కాబట్టే ఊరు వచ్చాను, నీకు కనబడకుండానే తిరిగి వచ్చేశాను. రైలు దిగి ఇంటికి కాదు, తిన్నగా మడుల దగ్గరికి వెళ్ళాను. కుప్పలు ఉండాల్సిన చోట బురద ఉంది.

వాన వెలిశాక ఫోన్లు మోగాయట. కూర్మయ్య మావ నన్ను చూసి, "వానొస్తాదని నీ మెసేజీ మాకు తడిసినాక సెప్పినాదమ్మా" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. తవిటమ్మత్త పరదా లాగుతూ గట్టు మీద జారిపడిందనీ, చెయ్యి విరిగిందనీ, నువ్వు టెక్కలి వెళ్తున్నది ఆసుపత్రిలో ఆవిడ కోసమనీ అక్కడే తెలిసింది.

ఇంకోటి కూడా తెలిసింది. ఆ నంబర్లన్నీ చేర్పించింది నువ్వేనట. "మా గుంట సేసినాది, సేరండి" అని మడి మడికీ తిరిగావట, భావనపాడు దాకా బండేసుకుని వెళ్ళావట. వాన తర్వాత అందరూ మీద పడితే, "నా మాట ఇని సేరేరు. అంటే నన్ననండి, దాన్నేటీ అనొద్దు" అన్నావట. నాతో మాట్లాడని నాన్న నా గురించి ఊరంతా మాట్లాడాడు!

తప్పు ఎక్కడుందో రాగసుధ వెంటనే పట్టుకుంది. నేను అందరికీ ఒకే వరసలో, ఒకరి తర్వాత ఒకరికి మెసేజ్ వెళ్ళేలా రాశాను. కొద్దిమంది ఉన్నప్పుడు సరిపోయింది. ఇంతమంది అయ్యేసరికి ముందు ఒకచోట ఆగింది, వెనక ఉన్నవాళ్ళంతా ఆగిపోయారు. ఇది మూడో సంవత్సరం పాఠమట. నేను చదవని సంవత్సరం.

"చదివినంత మాత్రాన అందరికీ వచ్చేస్తుందని కాదు. నాతో చదివినవాళ్ళు చాలామంది పరీక్ష రాసి మర్చిపోయారు. నువ్వయితే మర్చిపోయేదానివి కాదు" అంది రాగసుధ. ఆ మాటకి ఏడుపు ఆగలేదు.

ఉద్యోగం మానేస్తున్నాను. కాలేజీలో అడిగాను, మళ్ళీ చేర్చుకుంటారట. నువ్వు కోరుకున్నదే జరుగుతోంది. నౌపడలో మాత్రం ఇక ముఖం చూపించలేను.

హర్షిత

*

నౌపడ,
జూన్

అమ్మడూ,

నీ ఉత్తరం అందిన రోజు నీకు ఫోన్ చేసి కేకలేశాను. "సదువు సంగతి తరవాత. ముందొచ్చి ఆళ్ళకి సెప్పు" అన్నాను. ఇన్ని నెలల తర్వాత కూతురితో మాట్లాడిన మొదటి మాట అలా ఉండకూడదు. కానీ నువ్వు వచ్చావు. ఎండలో గట్టు మీద నిలబడి, తప్పు నాది అన్నావు. కూర్మయ్య అరిచినంతసేపూ ఎదురు మాట్లాడలేదు. నీ పక్కన నిలబడాలో, నీ ఎదురుగా వాళ్ళ వైపు నిలబడాలో నాకు తెలియలేదు. కాళ్ళు నిలవక అటూ ఇటూ నడిచాను.

అదంతా సరిచేశాకే ఉద్యోగం మానతానని వెళ్ళావు. మొన్న రాగసుధా నువ్వూ పరీక్ష కోసం అందరికీ ఒకేసారి మెసేజ్ పంపారు కదా. ఫోన్లో నీకు "అందరికీ వచ్చింది" అని మాత్రం చెప్పి పెట్టేశాను. మిగతాది ఇప్పుడు రాస్తున్నాను.

ఉదయం అందరూ ఫోన్లు పట్టుకుని మడుల దగ్గర నిలబడ్డారు. కూర్మయ్య రాడనుకున్నాను, వచ్చాడు. తవిటమ్మ ఒక చేతికి కట్టు, ఇంకో చేతిలో ఫోను. అప్పుడు మోగాయి అమ్మడూ, ఈ చివర నుంచి ఆ చివర దాకా, అన్నీ ఒక్కసారి. కాలవలో ఉన్న కొంగలన్నీ బెదిరి లేచిపోయాయి. "ఓలమ్మో, బేగొచ్చీసినాది!" అని తవిటమ్మ అరిచింది. కూర్మయ్య ఫోను దగ్గరగా పెట్టుకుని రెండుసార్లు చూసి, "సరే, ఉండనీ. నా నంబరు తియ్యొద్దు" అన్నాడు. నేను నా ఫోను చూసుకోవడమే మర్చిపోయాను.

డిగ్రీ డిగ్రీ అని నేను పోరింది చాలావరకూ నలుగురిలో చెప్పుకోవడానికే. ఇప్పుడూ చదవమనే అంటున్నాను, కానీ అందుకు కాదు. సిగ్గుతో చదవకు, నా కోసమూ చదవకు. అక్కడ నోట్సు చెప్పి ఊరుకుంటే లేచి అడుగు. ఎందుకు అడుగుతున్నావో ఈసారి నీకు తెలుసు. అనంతకృష్ణ గారు సెలవుల్లో వచ్చి పని చెయ్యమన్నారు కదా, వెళ్ళు.

నీకు ఏ కంపెనీ గేటు తెరుచుకుంటుందో, డిగ్రీ చూసి తెరుస్తారో, పని చూసి తెరుస్తారో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ బెంగ పోలేదు. నువ్వు పట్టా తెచ్చుకున్నా పోతుందన్న నమ్మకం లేదు. అమ్మకి చెప్పకు.

రాస్తుండగానే ఫోన్ మోగింది. వాన వస్తోందట. బయట ఇంకా ఎండగానే ఉంది. అయినా మీ అమ్మ అప్పుడే పరదాలు బండిలో వేసేస్తోంది. వెళ్తున్నాను.

నాన్న