ముందు దిగినవాడు

చెల్లాయికి అన్నయ్య దీవెనలు. మోకాళ్ల సంగతి పక్కన పెడితే ఇక్కడ మేమిద్దరం క్షేమమే. అక్కడ నువ్వూ, నా మేనల్లుడూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నా కంటి ఆపరేషన్ గురించి అడిగావు. బాగానే అయింది. కాకపోతే మీ వదిన, "ఆకాశంలోంచి విమానాలు దింపిన మనిషి, మెట్లు దిగడానికి నా భుజం కావాలంటున్నాడు" అని వచ్చినవాళ్లందరినీ నవ్విస్తోంది. చుక్కల మందు మాత్రం గడియారం చూసి మరీ వేస్తోంది.

వాడి పైలట్ శిక్షణ పూర్తయిందన్న వాక్యాన్ని మీ వదినకు రెండుసార్లు చదివి వినిపించాను. తండ్రి పోయేనాటికి వాడింకా నీ కడుపులోనే ఉన్నాడు. వాడి యూనిఫాం మీద రెక్కల బ్యాడ్జి తండ్రి స్థానంలో నన్ను పెట్టమన్నావు. "మామయ్యలాంటి వీరుడి చేత్తో పెట్టించుకోవాలని వాడి ఆశ" అని రాశావు. ఆ మాట దగ్గరే ఆగిపోయి, నెల రోజులుగా నీకు జవాబు రాయలేదు.

ఇరవై ఆరేళ్ల ఉద్యోగం, మూడు పతకాలు. మొదటి రెండూ కష్టపడి తెచ్చుకున్నవే, వాటికి సిగ్గుపడను. దెబ్బతిన్న విమానాన్ని వెనక్కి తెచ్చానని ఇచ్చిన మూడోది మాత్రం నా గుండెల్లో ముల్లు.

ఆ రోజు మేమిద్దరం జంటగా వెళ్లాం. నాది ముందు విమానం, మీ ఆయనది వెనక. వెనకవాడు ముందువాడికి తగ్గట్టు అస్తమానం వేగం సర్దుకోవాలి. అందుకే వాడి ఇంధనమే ముందు అయిపోతుంది. ఇది మాలో నిన్నగాక మొన్న చేరినవాడికీ తెలుసు. పైగా, దెబ్బతిన్న విమానం ఆఖర్న దిగాలి. అది రన్‌వే మీద కూలబడితే మిగతావాళ్లకు దారుండదు. తిరిగొచ్చేసరికి నా చక్రం దెబ్బతిని ఉందని తెలిసి కూడా, మా ఇద్దరికే వినపడే రేడియోలో "నీ దగ్గర ఎంతుంది?" అని అడిగాను.

"బోలెడుంది బావా. నువ్వు ముందు దిగు."

అబద్ధమని నాకు తెలుసు. ప్రాణభయంతో నమ్మినట్టు నటించాను. దిగీ దిగగానే చక్రం విరిగి, విమానం రన్‌వేకి అడ్డంగా పడింది.

చివరి క్షణంలో నిన్నే తలచుకున్నాడని ఇన్నేళ్లూ నీకు చెప్పాను. నీ ఏడుపు చూడలేక అల్లిన మాట అది. నిజానికి మీ ఆయన అడిగింది వేరు.

"దారి తీశారా బావా? లేకపోతే పారాచూట్‌తో దూకేస్తాను."

విమానం పోతే విచారణ వస్తుంది, నేనెందుకు ముందు దిగానని నిలదీస్తారు. నాకు తట్టింది అదే, చెల్లాయ్. "తీసేస్తున్నారు, ఒక్క నిమిషం ఆగు" అన్నాను. అప్పటికి నా దగ్గరికి ఒక్క మనిషి కూడా రాలేదు.

అతను ఆగాడు.

విచారణలో ఇంధనం గురించి తప్పు చెప్పింది మీ ఆయనేనని తేల్చారు. "బోలెడుంది" అన్నాడని మాత్రం చెప్పి, మిగతాదంతా నేను దాచేశాను. తండ్రి పొరపాటు వల్లే పోయాడని నమ్ముతూనే వాడు ఇరవై రెండేళ్లవాడయ్యాడు. నిన్న వాయుసేన అధికారులకు ఉన్నదున్నట్టు రాసి, పతకం కూడా పంపించేశాను. మీ వదినకు తెలుసు. రాత్రి చుక్కల మందు వేసి, తన పక్క వేరే గదిలో వేసుకుంది.

ఈ ఉత్తరం వాడికి చదివించు. చదివాక కూడా రమ్మంటే వస్తాను. వద్దంటే ఆ బ్యాడ్జి నువ్వే పెట్టు తల్లీ. వాడి గుండె మీద చెయ్యి వేసే అర్హత ఉన్నది నీకే.

ఇట్లు,
నీ క్షమాపణ అడగడానికి కూడా నోరు రాని
అన్నయ్య