లంచమివ్వక తప్పని నా వారసులకు

భీమునిపట్నం మైలపల్లి అప్పన్న గారి రెండో కొడుకును, మద్దిలపాలెం నివాసిని అయిన కొండలరావు అనే నేను, యాభై మూడో ఏట, కాలేయం చెడినా బుద్ధి చెడకుండా, ఎవరి బలవంతమూ లేకుండా, నా చేత్తో రాస్తున్న చివరి వీలునామా ఇది. బుద్ధి సరిగ్గానే ఉందని డాక్టరు ఇచ్చిన కాగితం జతచేశాను. అది ఊరికే ఇచ్చాడు. ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంది. ఇంతకుముందు రాసిన వీలునామా రద్దు. కారణం నాలుగో అంశంలో ఉంది.

1. మద్దిలపాలెం డాబా ఇల్లు, స్థలంతో సహా, నా భార్య సూర్యకళకు సర్వహక్కులతో చెందాలి. పోర్టులో నా గుమాస్తా జీతంతో, ఆమె కుట్టుమిషను సంపాదనతో కట్టుకున్న ఇల్లు. మా అన్న తాతబాబుకు ఇందులో పిడికెడు మట్టి మీదా హక్కు లేదు. "తమ్ముడు పోతే ఇల్లు నా పేర్న మారిపోద్ది, రిజిస్ట్రేషనాపీసులో మనోల్లే ఉన్నారు" అని ద్వారకా నగర్ టీ కొట్టు దగ్గర అంటున్నాడట. అన్నయ్యా, వాళ్లు నీవాళ్లూ కారు, నావాళ్లూ కారు. కవరు ముందు ఎవరిది అందితే వాళ్ల మనుషులు.

2. నేను నడిపిన పత్రిక పాత సంచికలన్నీ మా అమ్మాయి ధనశ్రీకి. తెల్లదొర పోయినా వాడి కుర్చీ పోలేదని, అందులో మనవాడే కూర్చుని అర్జీ వదిలేసి జేబు చూస్తున్నాడని ఏళ్ల తరబడి రాశాను. ఏమైంది? నేను పేరు పెట్టి తిట్టిన ఆఫీసరు ప్రమోషన్ మీద వెళ్లాడు. వీడ్కోలు సభకు నన్నూ పిలిచారు! చదవకపోయినా ఫర్వాలేదు తల్లీ, చెదలు పట్టనివ్వకు.

3. మా వీధికి చేపలు తెచ్చే నూకాలుకు నా పెద్ద గొడుగు. మొగుడు సముద్రంలో పోయాక పింఛను కోసం ఆమె ఎన్ని ఎండల్లో పింఛనాఫీసు గుమ్మం ముందు నిలబడిందో నాకు తెలుసు. చివరికి వంజరం చేప పట్టుకుని ఆఫీసరు ఇంటికి బయలుదేరితే అడ్డం వెళ్లాను. "బాబూ, నువ్వు రాసుకుంటావు, నాను తినాల. పక్కకి తప్పుకో" అంది. తప్పుకున్నాను. పింఛను వచ్చింది. నా వ్యాసాలన్నీ కలిసి చేయలేనిది ఒక్క చేప చేసింది.

4. పాత వీలునామాలో, లంచమిచ్చిన వారసులకు వాటా ఉండదని షరతు పెట్టాను. సాక్షి సంతకానికి తీసుకెళ్తే నా మిత్రుడు గురువులు చదివి పడీపడీ నవ్వాడు. "ఓరి బావా! నువ్వు సచ్చావని కాయితం తేవాలన్నా సెయ్యి తడపాల కదేటి? మీ ఆవిడ తడిపితే వాటా పోద్ది. తడపకపోతే కాయితం రాదు. ఇంక మిగిలేది ఎవరు? మీ అన్నే!"

నాకు నవ్వు రాలేదు. లంచాల మీద నా కోపమే నా భార్యను వీధిలో నిలబెట్టి, లంచమిచ్చేవాడికి తాళంచెవి అందించేది. అందుకని ఆ షరతు తీసేస్తున్నాను. సూర్యకళా, ధనశ్రీ, ఇవ్వండి. ఇంతకంటే సిగ్గుపడి నేను ఏ వాక్యమూ రాయలేదు.

5. దీని అమలు బాధ్యత గురువులుది. బావా, నా దినకర్మలకు ఈ ఆఫీసుల ఉద్యోగులెవరైనా వస్తే కాఫీ ఇవ్వు. ప్రసంగం మాత్రం చేయనివ్వకు.

6. అన్న మనుషులు తలదూర్చకముందే రేపు ఈ కాగితాన్ని రిజిస్టరు చేయిస్తాను. ఊరికే చేయరు. అక్కడి బంట్రోతు ఇప్పటికే "ఆపీసరు గారి మామూలు సూసుకోండి సార్" అని చెవిలో వేశాడు. సూర్యకళ చేత మొదటి కవరు ఇప్పించడం నాకిష్టం లేదు. అది నేనే ఇస్తాను. పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిసారి. వరసలో ఉన్నవాళ్లందరికీ వినబడేలా రసీదు అడుగుతాను. ఇవ్వరు. ఇల్లు మాత్రం ఆమెకు మిగులుతుంది.

విశాఖపట్నం, 14 జూన్ 2004

(సంతకం) మైలపల్లి కొండలరావు

సాక్షులు:
గురువులు (సంతకం)
పక్కింటి చిట్టమ్మ (ఎడమ బొటనవేలి ముద్ర)