చేతులకు చుట్టిన రుమాళ్లు

ఆర్.కె. పురం,
ఆదివారం

అత్తయ్యగారి పాదాలకు దండం పెట్టి అరుంధతి రాసేది. మీకు ఫోన్‌లో సరిగా వినపడదని కార్డు రాస్తున్నాను. మరిది గోపీకృష్ణ చూపించిన ఫోటోలో నా చేతులకు గాజులు కనిపించలేదని మీరు కంగారుపడ్డారట. గాజులు తీయలేదు, వాటిమీద రుమాళ్లు చుట్టాను. కారణం మీ మనవరాలి ఫుట్‌బాల్.

ఎదిగే పిల్లలకు బరువులు, పౌడర్లు వద్దని, ఆటలోనే వేగం రావాలని వాళ్ల కోచ్ అంటారు. అందుకని రోజూ పార్కులో నేను భుజమెత్తు నుంచి బంతి వదలాలి. దూరంగా నిలబడ్డ సాయిసుధ అది రెండోసారి నేలను తాకేలోపు వచ్చి పట్టాలి. నా దగ్గర ఎప్పుడూ పట్టేది. గ్రౌండులో కోచ్ వదిలితే మాత్రం ఆలస్యమే. టీములోంచి తీసేస్తారేమోనని ఏడ్చింది కూడా. మొన్న కోచ్ నాచేత వదిలించి చూసి నవ్వేశారు.

"దీదీ, మీ బేటీ బంతిని చూడట్లేదు. మీ గాజులు మోగగానే పరుగు తీస్తోంది."

గాజులు తీసి పక్కన పెట్టమన్నారు. మీ కోడలినే కదా, ఒప్పుకోలేదు. అందుకే ఈ రుమాళ్లు. ఇప్పుడు బంతిని చూసే కదులుతోంది, టీములోనే ఉంది.

ఇటు ఎవరైనా వస్తుంటే గుమ్మడి వడియాలు, రెండు డజన్ల ఆకుపచ్చ గాజులు పంపండి. మోకాలికి నూనె రాస్తున్నారా? మావయ్యగారికి నమస్కారాలు.

ఇంకో మాట. రోజూ ఆట చివర్లో సాయిసుధ బంతి వదులుతుంది, నేను పరుగెడతాను. అప్పుడు మాత్రం రుమాళ్లు విప్పేస్తాను, ఎంత మోగితే అంత మోగనీ అని.

మీ కోడలు
అరుంధతి