అందరి పెట్టెలో నీ పేరు

తమ్ముడూ జోయెల్,

ఆదివారం మణుగూరు నుంచి వస్తున్నవని విన్నప్పటి నుంచి ప్రభువును స్తుతిస్తూనే ఉన్న, చేతులు పని మీద నిలవట్లేదు. ఫోన్‌లో చెబితే మధ్యల పెట్టేస్తవని రాస్తున్న. గుడిలో ఆడోళ్లంతా నిన్ను పేరు పెట్టి పలకరిస్తరు. "మన కొట్లాట సంగతి మళ్లీ నలుగురికి చెప్పినవా అక్కా" అని అలిగి తిరిగి పోవద్దు. నేను చెప్పలే.

నీ మేనకోడలు మహిమ మా స్త్రీల కూడికకు ఒక యాప్ చేసింది. అందులో వారం వాక్యం అందరికీ ఒకటే. యాప్ కోడ్‌లో దానికి 'స్టాటిక్' అని రాయాలంట, అంటే అందరికీ కలిపి ఒకటే పెట్టె. ప్రార్థన అవసరతకు, అంటే ఎవరు దేని కోసం ప్రార్థించమంటరో దానికి, మాత్రం మనిషికో పెట్టె ఉండాలె. పిల్ల పొరపాటున దానికీ స్టాటిక్ అనే పెట్టింది. అందరి తర్వాత రాసింది నేను, "నా తమ్ముడు జోయెల్ నాతో మాట్లాడాలి" అని. తెల్లారి చూస్తే చివర రాసిందే నిలిచి, అందరి అవసరతా అదే.

పక్కింటి ముత్యాలమ్మ వచ్చి, "నా మోకాళ్ల నొప్పి ఏడబోయింది, ఈ జోయెల్ ఎవరే?" అన్నది. అయినా ఆమె, మిగతా వాళ్లు నీ కోసం ప్రార్థన చేసే ఉన్నరు. ఆ సాయంత్రమే నీ ఫోన్ వచ్చింది.

మహిమ ఆ 'స్టాటిక్' మాట తీసేసింది. ఇప్పుడు ఎవరి పెట్టె వాళ్లదే, మళ్లీ రాసుకున్నరు. ముత్యాలమ్మ ఫోన్ తెచ్చి తనది చూపించింది. మోకాళ్ల నొప్పి కింద నీ పేరు తనే రాసుకున్నది.

ఆదివారం ఆమె ఎదురొస్తే, ముందు మోకాళ్లెట్లున్నయో అడుగు.

నీ పెద్దక్క