లిఫ్టు పనిచేయని గురువారాలు

అక్కయ్యకు,

చెల్లెలు పద్మ నమస్కరించి రాస్తున్నది. నేనూ మీ మరిదీ బాగానే ఉన్నాం. నువ్వూ బావగారూ ఎలా ఉన్నారు? నీ మోకాలి నొప్పి నిజంగా తగ్గిందా, లేక తగ్గిందని నాతో అబద్ధం చెప్పి షెడ్డులో రోజంతా నిలబడే అద్దకం వేస్తున్నావా? బావగారి దగ్గు సంగతి నువ్వు చెప్పలేదు, నేను అడగడం మరిచిపోయాను. మీ అత్తగారి కంట్లో చుక్కలు వేళకు వేస్తున్నారా? పెడనలో ముసురు పట్టి వదలడం లేదనీ, ఆరేసిన గుడ్డలు ఆరేసినట్టే తడిసిపోతున్నాయనీ విని చాలా బాధ వేసింది. రంగు పట్టిన గుడ్డకు నాలుగు రోజులు ఎండ దొరికితే చాలు, అదీ దొరకకపోతే ఎలా?

నా గురించి బెంగ పెట్టుకోవద్దు. వేళకు తింటున్నాను. నువ్వు పంపిన కందిపొడి అడుగంటింది. చలికి చేతులు పగులుతున్నాయి గానీ కొబ్బరినూనె రాసుకుంటున్నాను. మీ మరిదికి బేకరీలో పని స్థిరపడింది. తెల్లవారకముందే వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చేస్తున్నారు. మళ్ళీ చెప్తున్నాను, మేము బాగానే ఉన్నాం.

నువ్వు ఆ మధ్య ఫోనులో ఒక మాట అన్నావు. "నీకేమే, నేల కింద రైలు. ఎండ తగలదు, వాన తగలదు. గుడివాడ పాసింజరు కోసం మాలాగా పడిగాపులు కాయక్కర్లేదు" అన్నావు. అప్పుడు నవ్వి ఊరుకున్నాను గానీ ఆ మాట నాకు అరగడం లేదక్కా. ఎండ సంగతి సరే, వాన తగలదని ఎవరు చెప్పారు నీకు? మా స్టేషన్‌లో పైన వాన వెలిశాకే కింద మొదలవుతుంది. పైకప్పు పగుళ్ళలోంచి కారుతూనే ఉంటుంది. కింద పసుపు బకెట్లు పెట్టారు. నేను ఈ దేశం వచ్చినప్పుడు ఆ బకెట్లు కొత్తవి. ఇప్పుడు వాటికీ చిల్లులు పడ్డాయి. చిల్లు బకెట్టు కింద ఇంకో బకెట్టు పెట్టారు గానీ కప్పు మాత్రం బాగుచేయలేదు.

గోడలకు తెల్ల పలకలు ఉండేవట. సగం రాలిపోయాయి. రాలినచోట గోడ నల్లగా, పుచ్చిపోయిన పన్ను లాగా కనిపిస్తుంది. మైకులో ఏదో చెప్తారు. మన బందరు బస్టాండులో మైకు గరగరలాడినా ఏ ఊరి బస్సో అర్థమయ్యేది. ఇక్కడ అర్థమయ్యేది "దయచేసి" అన్న ఒక్క మాటే. ఆ తర్వాత ఏం దయచేయాలో దేవుడికే తెలియాలి. రైలు లోపల చలికాలంలో వణుకు, ఎండాకాలంలో ఉడుకు. ఒక పెట్టెలో తలుపు మూసుకోదు, ఇంకో పెట్టెలో తెరుచుకోదు. తెరుచుకోని తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళు దిగాల్సిన చోట దిగలేక అవతలి తలుపు వైపు తోసుకుంటూ పరిగెత్తుతారు. నేనూ పరిగెత్తాను. నా చెప్పు ఒకటి ఆ రైల్లోనే ఉండిపోయింది. ఇంత చేసీ టిక్కెట్టు ధర మాత్రం ఏటా పెంచుతారు. సొరంగంలో రైలు ఆగిపోతే జనం తల కూడా ఎత్తరు. చేతిలో ఫోను చూసుకుంటూ కూర్చుంటారు. ఆ ఓర్పు చూస్తేనే నాకు ఇంకా ఒళ్ళు మండుతుంది.

ఇదంతా నేను భరించుకుంటాను. నా కాళ్ళు గట్టివి. కానీ మార్తగారి విషయంలో జరిగింది నీకు చెప్పకపోతే నా మనసు కుదుటపడదు.

ఇళ్ళకు వెళ్ళి ముసలివాళ్ళను చూసుకునే సంస్థలో నేను పనిచేస్తున్నానని నీకు తెలుసు కదా. మార్తగారు నేను చూసుకునే ఆవిడ. ఎనభై దాటాయి. వాకరు పట్టుకుని నడుస్తుంది గానీ నోరు మాత్రం పాతికేళ్ళ పిల్లది. ఆవిడకు రూత్ అని ఒక చెల్లెలు. పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. ఊరికి ఆ చివర, మంచాన పడ్డవాళ్ళను ఉంచే ఆశ్రమంలో ఉంటుంది. అక్కడ చుట్టాలను చూడనిచ్చేది గురువారం ఒక్కరోజే. ప్రతి గురువారం మార్తగారిని రైల్లో తీసుకువెళ్ళి చెల్లెలిని చూపించి తీసుకురావడం నా డ్యూటీలో భాగం. బుధవారం సాయంత్రం నుంచే ఆవిడ ఏ గౌను వేసుకోవాలో తీసి కుర్చీ మీద పెట్టుకుంటుంది.

మొన్న ఒక గురువారం బయల్దేరాం. మా స్టేషన్‌లో లిఫ్టు బాగానే ఉంది, దిగాం, రైలెక్కాం. అవతల దిగేసరికి అక్కడి లిఫ్టు చచ్చి ఉంది. మీట ఎంత నొక్కినా చప్పుడు లేదు. అక్కడున్న ఉద్యోగిని అడిగితే "పక్క స్టేషన్‌కు వెళ్ళండి, అక్కడ పనిచేస్తోంది. పైకి వెళ్ళి బస్సులో వెనక్కి రండి" అన్నాడు. సరేనని మళ్ళీ రైలెక్కి పక్క స్టేషన్‌లో దిగాం. అక్కడ లిఫ్టుకు అడ్డంగా టేపు కట్టి ఉంది. కదిలే మెట్లు కూడా కదలడం మానేశాయి.

నేను "ఇంటికి వెళ్ళిపోదామండీ, వచ్చే వారం చూద్దాం" అన్నాను.

"రూత్ తలుపు వైపు చూస్తూ ఉంటుంది" అంది మార్తగారు.

అంతలో నా చెయ్యి పట్టుకుని చెవిలో, "పద్మా, నాకు బాత్రూముకు వెళ్ళాలి" అంది.

చూస్తే ఉన్న ఒక్క బాత్రూముకూ తాళం. అద్దాల గదిలో కూర్చున్న మనిషి దగ్గరకు వెళ్ళి తాళం అడిగాను. "అది మూసేసి చాలా కాలమైందమ్మా" అన్నాడు. మరి నువ్వు ఎక్కడికి వెళ్తావని అడిగాను. సిబ్బందికి వేరే ఉందట. అందులోకి బయటివాళ్ళను పంపడానికి రూలు ఒప్పుకోదట. మెల్లగా చెప్పాను, బతిమాలాను. రూలు, రూలు అంటాడు. వెనక్కి తిరిగి చూస్తే మార్తగారు వాకరు పట్టుకుని, పెదవి బిగించి, నేల చూస్తూ నిలబడి ఉంది. ఎప్పుడూ ఎవరికో ఒకరికి చురక వేసే మనిషి, ఒక్క మాట లేదు. అది చూసేసరికి నాకు ఇంగ్లీషు పోయింది.

"ఏవయ్యా, నీకు తల్లి లేదా? నువ్వేవన్నా గాల్లోంచి ఊడిపడ్డావా? లిఫ్టు బాగుచెయ్యరు, మెట్లు బాగుచెయ్యరు, పెద్దావిడికి తలుపు తియ్యడానికి కూడా చేతులు రావా నీకు? తియ్యి తాళం!" అని తెలుగులోనే అరిచాను. అక్కా, నువ్వు వింటే సంతోషించేదానివి. ఫోన్లు చూసుకునే జనం అందరూ తల ఎత్తారు. ఆ మనిషికి ఒక్క ముక్క అర్థం కాలేదు, అయినా మొత్తం అర్థమైంది. తాళాల గుత్తి తీసుకుని లేచి వచ్చి, సిబ్బంది తలుపు తీసి, పక్కకు జరిగి నిలబడ్డాడు. మార్తగారు అతనికి థాంక్స్ చెప్పింది. నేను చెప్పలేదు.

ఇక పైకి ఎలా? ఇద్దరు కుర్రవాళ్ళు వచ్చి ఎత్తుకుని తీసుకువెళ్తామన్నారు. "నేను బియ్యం బస్తాను కాదు" అంది మార్తగారు. కింది మెట్టు మీద కూర్చుంది. చేతులు వెనక మెట్టు మీద ఆనించి, వెనక్కి జరుగుతూ, కూర్చునే ఒక్కొక్క మెట్టూ ఎక్కడం మొదలుపెట్టింది. నేను కింద ఆసరాగా నిలబడ్డాను. ఆ కుర్రవాళ్ళు వాకరు పైకి మోశారు. జనం అటూ ఇటూ తప్పుకుంటూ దిగుతున్నారు. తడి, మట్టి, ఎవరో పారబోసిన కాఫీ, అన్నీ ఆ గౌనుకే. మధ్యలో ఆగి ఆయాసపడుతూ, "నేను పెళ్ళికూతురుగా ఉన్నప్పుడు ఈ గోడలు అద్దంలా మెరిసేవి. ఇక్కడ నిలబడి జుట్టు సర్దుకునేదాన్ని" అంది. నాకు ఏడుపు వచ్చింది. కోపమూ వచ్చింది. కోపమే ఎక్కువ.

పైకి చేరి టాక్సీ పట్టుకుని ఆశ్రమానికి వెళ్ళేసరికి చూసే వేళ దాదాపు అయిపోయింది. రూత్ నిజంగానే తలుపు వైపే చూస్తూ ఉంది.

"ఇంత ఆలస్యమేం?" అంది ముద్దముద్దగా.

"రైలు" అంది మార్తగారు.

రూత్ కళ్ళు అక్కగారి గౌను మీదికి వెళ్ళాయి. పనిచేసే ఎడమచేత్తో ఆ గౌనుకు అంటిన మట్టి దులుపుతూ కూర్చుంది. ఉన్న ఆ కాసేపూ అదే పని.

మర్నాడు మా సూపర్‌వైజరుకు జరిగింది చెప్పాను. సంస్థ తరఫున రైలువాళ్ళకు గట్టిగా ఫిర్యాదు చేస్తారని నా ఆశ. ఆవిడ అంతా విని, "అయితే ఇక రైలు ప్రయాణం వద్దు. ఆవిడకు ఏమైనా అయితే బాధ్యత మాది" అంది. మరి బస్సులో అంటే, రెండు బస్సులు మారాలి, అంత సమయం నా డ్యూటీలో లేదంది. టాక్సీకి ఒప్పుకోదు. "వీడియో కాల్ చేయించు" అంది. చూశావా అక్కా? చెడిపోయింది లిఫ్టు, ఆపేసింది మార్తగారిని! వీడియో కాలూ చేయించాను. రూత్ ఫోను సరిగ్గా పట్టుకోలేదు. మార్తగారికి కనిపించింది ఆ గది కప్పు. కప్పుతోనే కాసేపు మాట్లాడి ఫోను నా చేతికిచ్చేసింది.

అదే వారం మా స్టేషన్‌లో ప్రయాణికుల అభిప్రాయాలు వింటామని మీటింగు పెట్టారు. మీ మరిది వద్దంటున్నా వెళ్ళాను. ఒక పెద్ద పటం నిలబెట్టారు. గోడల నిండా పక్షుల బొమ్మలు, రంగు దీపాలు. మా లైనులో స్టేషన్లన్నీ ఇలా మారబోతున్నాయట. పక్షుల రంగు మీద అభిప్రాయం చెప్పమన్నారు. నేను లేచి, "బొమ్మలు చాలా బాగున్నాయండీ. కానీ లిఫ్టు లేకపోతే వాటిని చూడటానికి మా పెద్దావిడ ఎలా దిగుతుంది? మళ్ళీ ఎలా ఎక్కుతుంది?" అన్నాను. మార్తగారు మెట్లు ఎలా ఎక్కిందో అందరి ముందూ చెప్పాను. వెనక నుంచి ఎవరో చప్పట్లు కొట్టారు. వేదిక మీద పెద్దమనిషి "చాలా విలువైన అభిప్రాయం" అని, వెళ్ళేటప్పుడు రైలు బొమ్మ ఉన్న గుడ్డ సంచి ఒకటి చేతిలో పెట్టాడు. అందులో ఇప్పుడు ఉల్లిపాయలు వేస్తున్నాను. ఆ పక్క స్టేషన్ లిఫ్టు మాత్రం నేను ఇది రాస్తున్న రోజుకు కూడా టేపు కట్టుకునే ఉంది.

ఇంటికి వచ్చి, నా సెలవు రోజున మార్తగారిని నేనే బస్సులో తీసుకువెళ్తానన్నాను.

మీ మరిది, "నీకెందుకే ఈ గొడవంతా? వారానికి ఒక్కరోజు సెలవు. ఆ ఒక్కరోజన్నా నడుం వాల్చవా?" అన్నారు.

"అక్కడ మంచంలో ఉన్నది నేనై, రావాల్సింది మా అక్కయితేనో?" అన్నాను.

ఆయన లేచి కంచాలు తీసి కడిగి పెట్టారు. తర్వాత, "బస్సులో వెనక సీట్లు వద్దు. కుదుపెక్కువ. ముందర కూచోబెట్టు" అన్నారు.

సూపర్‌వైజరుకు కూడా దాచకుండా చెప్పాను. "సెలవు రోజు నేను ఎవరితో బస్సెక్కితే మీకేమండీ?" అన్నాను. ఆవిడ కాగితాలు సర్దుకుంటూ "నువ్వు చెప్పింది నాకు వినపడలేదు" అంది. వినపడనట్టే నా సెలవు రోజు మార్చి రాసింది.

మొదటిసారి వెళ్ళి వచ్చాం. ట్రాఫిక్కులో బస్సు నత్తలా నడిచింది. రెండో బస్సు ఎంతకీ రాలేదు. మార్తగారు దారి పొడుగునా విసుక్కుంది. చివరకు ఏమందో తెలుసా? "ఇంతకంటే రైలే నయం" అంది! నాకు వచ్చిన కోపానికి ఆవిడను అక్కడే దింపేద్దామనిపించింది. కానీ రూత్ గదిలోకి వెళ్ళాక, ఇద్దరూ చేతులు పట్టుకుని చిన్నప్పటి సంగతేదో తలుచుకుని నవ్వారు. నేను బయట వరండాలో కూర్చుని టీ తాగాను. వచ్చే వారమూ వెళ్తాం.

నీకు వీలైతే ఒక పని చెయ్యి. ఆకుపచ్చ తీగ అచ్చు వేసిన దుప్పటి ఒకటి రూత్ మంచానికి పంపు. పగలంతా ఆవిడ చూసేది ఆ తెల్ల దుప్పటినే. కందిపొడి కూడా మరిచిపోవద్దు. బావగారిని దగ్గుకు డాక్టరు దగ్గరకు వెళ్ళమని నా మాటగా చెప్పు. మీ అత్తగారికి నా నమస్కారాలు. ఎదురింటి మావయ్యగారినీ, షెడ్డులో అందరినీ అడిగానని చెప్పు.

అసలు సంగతి రాయడానికి ఇంతసేపూ చెయ్యి రాలేదు. ఇన్నాళ్ళూ నా సెలవు ఆదివారం. ఇప్పుడది గురువారమైంది. నీకేమో తీరికగా ఉండేది ఆదివారం ఒక్కటే. ఆ పూట షెడ్డుకు తాళం వేసి, తలంటుకుని, జుట్టు ఆరబోసుకుని నా ఫోను కోసం కూర్చుంటావని నాకు తెలుసు. ఇక ఆ వేళకు నేను ఎవరో ఒకరి ఇంట్లో పనిలో ఉంటాను. నిన్ను ఒక్క మాటైనా అడక్కుండా మన ఆదివారం తీసి వాళ్ళిద్దరికీ ఇచ్చేశాను అక్కా. నా మీద కోపం వస్తే తిట్టు. ఎంత తిట్టాలనుకుంటే అంత, పేజీలు నింపి రాసి పంపు. రైల్లో నిలబడి చదువుకుంటాను.

నీ దీవెనలు కోరే
చెల్లెలు
పద్మ